తెల్లకోటు, రెండు జెండాలు

నానైమో
27 ఏప్రిల్ 2025

మావయ్యా,

కాగితం మీద ఉత్తరం చూసి కంగారుపడకు. ఎవరికీ ఏమీ కాలేదు. ఫోన్ చేద్దామంటే నీకు వినపడదు, ఆ చెవి మిషనేమో పెట్టుకోవు. ఈమెయిల్ పంపితే అత్తయ్య పైకి చదివి నీకు వినిపిస్తుంది. అత్తయ్య నోట్లో నువ్వుగింజ నానదని నువ్వే అంటావు కదా. అత్తయ్యకి తెలిస్తే సాయంత్రానికల్లా విన్నిపెగ్‌లో అమ్మకి తెలిసిపోతుంది. అందుకని పోస్టాఫీసుకి వెళ్ళి స్టాంపులు కొన్నాను. స్టాంపు కవరుకి ఏ పక్కన అంటించాలో కౌంటర్లో అమ్మాయిని అడిగాను, నవ్వకు.

సంగతేమిటంటే, నేను కిందటేడు నుంచీ ఫుట్‌బాల్ ఆడుతున్నాను. నువ్వు టీవీలో చూసేది కాదు, ఆస్ట్రేలియా వాళ్ళది. బంతి కోలగా ఉంటుంది. కాలితో తన్నొచ్చు, చేత్తో పట్టుకోవచ్చు, పిడికిలితో గుద్ది పక్కవాళ్ళకి పంపొచ్చు, విసరడం మాత్రం తప్పు. మైదానం రెండు చివర్లా నాలుగేసి స్తంభాలుంటాయి. నడిమి రెంటి మధ్య నుంచి తన్నితే ఆరు పాయింట్లు, పక్కవాటి మధ్య నుంచి పోతే ఒకటి. అక్కడ తెల్లకోటు తొడుక్కుని గోల్ అంపైర్ నిలబడతాడు. ఆరైతే రెండు జెండాలు ఊపుతాడు, ఒకటైతే ఒక్కటే. ఆస్ట్రేలియాలో పద్దెనిమిదేసి మంది ఆడతారట. సముద్రం ఒడ్డున మాకిచ్చిన మైదానం చిన్నది, మనుషులూ తక్కువ, అందుకని తొమ్మిదేసి మందిమి. మా స్తంభాలు ప్లాస్టిక్ పైపులు. ఆటకి గంట ముందు పాతి, అయ్యాక పీకి బెథ్ వ్యాన్‌లో పడేస్తాం.

బెథ్ మా కోచ్. ఆస్ట్రేలియా మనిషి, ఇక్కడ స్కూల్లో టీచర్, ఒకప్పుడు నా పక్కింటామె. కిరీటితో విడిపోయి ఆ ఇల్లు ఖాళీ చేసినరోజు సామాను ఎవరు దింపారని నువ్వడిగితే మూవర్స్ అన్నాను చూడు, అది అబద్ధం. బెథ్ తన జట్టుని తీసుకొచ్చింది. ఎనిమిది మంది ఆడవాళ్ళు. నా పేరు కూడా వాళ్ళకి తెలియదు. ఇద్దరైతే మన గ్రైండర్‌ని చంటిపిల్లలా ఎత్తుకుని మూడంతస్తులు దిగారు. దారిలో ఇదేమిటని కూడా అడగలేదు. ఆ ఆదివారం ఆట చూడ్డానికి రమ్మన్నారు. వెళ్ళాను, అంతే, ఇక రాలేదు.

అమ్మకి మాత్రం చెప్పకు. "ఒంటరిగా ఉన్నది చాలక పడి చేతులు విరగ్గొట్టుకుంటావా, అన్నయ్య ఇంటికొచ్చెయ్" అని మొదలుపెడుతుంది. శ్రీహర్ష అన్నయ్య ఇల్లు పెద్దదే, నాకు చోటుంటుంది. కానీ అక్కడ నాకు జట్టు లేదు.

నీ మీద నమ్మకంతో,
చంద్రిక

*

హామిల్టన్
6 మే 2025

ఒసే చంద్రీ,

ముందు తిట్లు, ఆశీస్సులు చివర్లో. ముప్ఫైమూడేళ్ళొచ్చి పిడికిలితో బంతిని గుద్దుతావుటే? మీ అమ్మ నిన్ను భరతనాట్యం క్లాసులో చేర్పిస్తే మూడో రోజున కాలు నొప్పని మానేసిన దానివి! లైబ్రరీకి వెళ్ళి నీ ఆట గురించి పుస్తకం అడిగాను. లేదన్నారు. కంప్యూటర్లో రెండు ఆటలు చూశాను. మనుషుల భుజాల మీదెక్కి బంతి పట్టుకుంటున్నారు. నువ్వూ ఎక్కుతావా?

ఇక్కడ నా సంగతి అడిగావు కాదు, అయినా చెబుతాను. డాక్టరు లైసెన్సు వదిలేసి మూడేళ్ళు. ఇదివరకు గుళ్ళో ప్రసాదం లైన్లో నిలబడితే ముందొకరు మోకాలు చూపించేవారు, వెనకొకరు రిపోర్టు తీసేవారు. మీ అత్తయ్య సూర్యకుమారి విసుక్కునేది. ఇప్పుడు దణ్ణం పెట్టి పక్కకి తప్పుకుంటున్నారు. మొన్న భీమారావు గారు మా హాల్లోనే కూర్చుని తన నడుంనొప్పి గురించి ఫోన్‌ని అడిగారు. నేను ఎదురు కుర్చీలో ఉన్నాను. ఫోన్ చెప్పినదాన్ని నన్నే చదివి పెట్టమన్నారు, కళ్ళజోడు మర్చిపోయి వచ్చారట! చదివాను. ఏం చేయను? మీ అత్తయ్య నా తెల్లకోటుని విరాళాల డబ్బాలో వేస్తానంటోంది. బీరువాలో శాలువాల వెనక దాచాను. నీ ఉత్తరం కూడా దాని జేబులోనే ఉంది.

మీ అమ్మకి చెప్పను. కానీ ఒక షరతు. కాలూ చెయ్యీ విరిగితే అతుకుతాయి, తల అలా కాదు. నలభై ఏళ్ళు చూశాను. తలకి చిన్న దెబ్బ తగిలినా నాకు రాయాలి, ఏమీ దాచకుండా రాయాలి. ఒప్పుకుంటేనే నేను నోరు మూసుకునేది.

ఇప్పుడు ఆశీస్సులు. గెలిచి చావండి.

మావయ్య

*

నానైమో
4 ఆగస్టు 2025

మావయ్యా,

షరతు ప్రకారం రాస్తున్నాను. తలకి తగిలింది.

మొన్న శనివారం విక్టోరియా జట్టుతో ఆట. బంతి కోసం నేను వంగాను, అవతలి జట్టమ్మాయి గాల్లోకి ఎగిరి దిగుతుంటే ఆమె మోకాలు నా కణతకి కొట్టుకుంది. కావాలని చేసింది కాదు. పాపం నాకంటే తనే ఎక్కువ ఏడ్చింది. నాకు స్పృహ తప్పలేదు. రెండు నిమిషాలు స్కోరెంతో చెప్పలేకపోయాను, అంతకంటే ఏమీ లేదు. బెథ్ నన్ను ఇంక ఆడనివ్వలేదు.

అసలు చిక్కు ఇదీ. తలకి దెబ్బ తగిలితే ఇరవై ఒక్క రోజులు ఆడకూడదని మా లీగ్ రూలు. ఆ తర్వాత కూడా డాక్టరు పరీక్షించి, ఆడొచ్చని కాగితం రాసిస్తేనే మైదానంలోకి రానిస్తారు. ఇరవై ఒక్క రోజులూ 23కి అయిపోతాయి. 30న ఫైనల్. మేం ఫైనల్‌కి వచ్చాం మావయ్యా! క్లబ్బు పుట్టి తొమ్మిదేళ్ళయింది, ఇదే మొదటిసారి. కిందటి నెల మాలో ఒకమ్మాయి ఉద్యోగం మారి అల్బర్టా వెళ్ళిపోయింది. సరిగ్గా తొమ్మిదిమందిమి మిగిలాం. నేను లేకపోతే ఎనిమిది.

ఇక్కడ నాకు ఫ్యామిలీ డాక్టర్ లేడు. లిస్టులో నా పేరు రెండేళ్ళుగా ఉంది. వాక్ఇన్ క్లినిక్‌కి వెళ్తే ముక్కూ మొహం తెలియనివాడు మూడు నిమిషాలు చూసి, ఇంకో నెల ఆగమని రాసేస్తాడు. వాళ్ళకి అదే సేఫ్. మన ఇళ్ళలో జ్వరం వస్తే థర్మామీటర్ కంటే ముందు నీ నంబరు వెతుకుతాం కదా. నువ్వొకసారి ఎవరి పెళ్ళిలోనో పెళ్ళివారితో మాట్లాడుతూనే ఫోన్లో మా అన్నయ్య దద్దుర్లకి మందు చెప్పావట! ఇదీ అలాంటిదే అనుకో. ఒక్క కాగితం రాసివ్వు. నాకు బాగానే ఉంది.

ఆ గ్రైండర్ మోసినవాళ్ళని ఎనిమిది మందిగా నిలబెట్టలేను.

చంద్రిక

*

హామిల్టన్
9 ఆగస్టు 2025

చంద్రీ,

నీకు బుద్ధి ఉందా? దద్దుర్లూ ఇదీ ఒకటేనా? నాకు లైసెన్సు లేదని రాశానా లేదా? ఉన్నా కూడా, రెండువేల మైళ్ళ అవతలున్న తలకాయని నేనెలా పరీక్షిస్తాను? వాక్ఇన్‌కి వెళ్ళు. తెలియని డాక్టరే మంచివాడు, వాడికి నువ్వు మేనకోడలివి కావు.

సరే, అడగాల్సినవి అడుగుతాను. నిజం రాయి. పొద్దున లేవగానే తలనొప్పి ఉంటోందా? వెలుతురు చూస్తే ఇబ్బందిగా ఉందా? వాంతి వచ్చినట్టు ఉంటోందా? నిద్ర ఎలా ఉంది? కంప్యూటర్ ముందు ఎంతసేపు కూర్చోగలుగుతున్నావు? చెప్పిన మాట, చేసిన పని మర్చిపోతున్నావా? ఒక్కో దానికీ విడిగా జవాబు రాయి. చూశాక ఆలోచిస్తాను.

ఆలోచిస్తానన్నాను, అంతే. రాసిస్తాననలేదు.

మావయ్య

*

నానైమో
14 ఆగస్టు 2025

మావయ్యా,

నీ ప్రశ్నలకి వరుసగా జవాబులు. తలనొప్పి లేదు. వెలుతురుతో ఇబ్బంది లేదు. వాంతి లేదు. నిద్ర బ్రహ్మాండంగా పడుతోంది. రోజూ ఎనిమిది గంటలు స్క్రీన్ ముందే కూర్చుని ఆఫీసు పని చేస్తున్నాను. ఏమీ మర్చిపోవట్లేదు. సంతోషమా?

మొన్న ప్రాక్టీసు చూడ్డానికి వెళ్ళాను. బెథ్ తన్నిన బంతి గాలికి కొట్టుకుపోయి సముద్రంలో పడింది. పడవలో పోతున్న ఒక ముసలాయన తెచ్చిచ్చి, "దీన్నెవరో తొక్కేసినట్టున్నారే" అన్నాడు. అందరం పడీ పడీ నవ్వాం.

ఇక్కడ ఎండ చాలా ఎక్కువగా ఉందిలే, అందుకని కిటికీలకి పాత చీరలు కట్టాను. ఇల్లు చల్లగా ఉంది. నిన్న చారు పెట్టుకుంటే ఉప్పు ఎక్కువైంది. ఒక్కదాన్నే కదా, పారబోసి మళ్ళీ పెట్టుకున్నాను.

అవతలి జట్టు వాళ్ళు పన్నెండు మంది ఉన్నారట. మా వాళ్ళు రోజూ అడుగుతున్నారు, కాగితం వచ్చిందా అని. మా మావయ్య డాక్టరు, నలభై ఏళ్ళ అనుభవం అని చెప్పాను. బెథ్ చాలా సంతోషించింది. నీకొక సంగతి చెప్పాలి, మొన్న బెథ్ తన్నిన బంతి సముద్రంలో పడితే పడవలో పోతున్న ముసలాయన తెచ్చిచ్చి ఏమన్నాడో తెలుసా, "దీన్నెవరో తొక్కేసినట్టున్నారే" అన్నాడు! ఎంత నవ్వామో.

పోస్టు ఆరు రోజులు పడుతోంది. త్వరగా పంపు మావయ్యా.

చంద్రిక

*

హామిల్టన్
20 ఆగస్టు 2025

చంద్రీ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నువ్వు రాసిన జవాబుల ప్రకారం అడ్డంకేమీ లేదు.

పాత లెటర్‌ప్యాడ్‌లో ఇంకా పదిహేను కాగితాలు ఉన్నాయి. నా పేరూ, డిగ్రీలూ, మూసేసిన క్లినిక్ అడ్రసూ. సిరాపెన్ను కడిగి, సిరా పోసి రాశాను. "చంద్రికను నేను స్వయంగా పరీక్షించాను, ఆటకు తగిన ఆరోగ్యంతో ఉంది" అని రాశాను. అలా రాయకపోతే కాగితానికి విలువ ఉండదు. ఎంతకాలమైందో నేనిలా ఒక కాగితం మీద సంతకం పెట్టి! కవరు అంటించి, నేనే నడుచుకుంటూ వెళ్ళి డబ్బాలో వేస్తాను. పొద్దున కవరు కొనడానికి వెళ్తుంటే దారిలో భీమారావు గారు కనబడి ఎక్కడికన్నారు. "పేషెంటుకి కాగితం పంపాలి" అన్నాను.

జాగ్రత్తగా ఆడు. తల కింద పెట్టి దూకకు.

నీ డాక్టరు,
మావయ్య

*

హామిల్టన్
22 ఆగస్టు 2025, ఎక్స్‌ప్రెస్ పోస్టులో

చంద్రీ,

ఆడొద్దు. నేను పంపిన కాగితం చెల్లదు. ఆడొద్దు.

ఈ పొద్దున సూర్యకుమారి శాలువాలు సర్దుతూ నా తెల్లకోటు బయటికి తీసింది. డబ్బాలో వేసే ముందు జేబులు చూసింది. నీ ఉత్తరాలన్నీ అక్కడే ఉన్నాయి. నేను స్నానం చేసి వచ్చేసరికి సోఫాలో కూర్చుని నీ 14వ తేదీ ఉత్తరం చేత్తో పట్టుకుని ఉంది. "ఏమండీ, ఈ పిల్ల బంతి సంగతి రెండుసార్లు రాసిందేమిటి? ఆ అక్షరాలు చూడండి, గీత వదిలేసి కిందకి జారిపోతున్నాయి. కిటికీలకి చీరలు కట్టుకుందట" అంది. మీ అత్తయ్య తెలుగు ఎమ్మే, వైద్యం తెలియదు. తనకి కనబడింది నాకు కనబడలేదు. నేను గమనించలేదు చంద్రీ.

నీకు నాలుగుసార్లు ఫోన్ చేసింది, ఎత్తలేదు. కాగితం రెండు మూడు రోజుల్లో నీకు చేరుతుంది, అందగానే క్లబ్బుకి ఇచ్చేస్తావు. అందుకని మీ క్లబ్బు ఈమెయిల్ వెతికించి వాళ్ళకి రాశాను. ఆ సంతకం చేసినవాడికి లైసెన్సు లేదు, ఆ అమ్మాయిని వాడు చూడనే లేదు, ఆడనివ్వకండి అని. నా పేరుతోనే రాశాను.

మీ అత్తయ్య మీ అమ్మకి చెప్పేసింది. ఆపలేదు నేను.

మావయ్య

*

నానైమో
27 ఆగస్టు 2025

మావయ్యా,

నేను ఆ కాగితం ఎవరికీ ఇవ్వలేదు.

నీకు అర్థమైందా? ఇవ్వలేదు. సోమవారం అందింది. విప్పి చదివాను. "స్వయంగా పరీక్షించాను" అన్న చోట ఆగిపోయాను. నేను ఏడో క్లాసులో ఉండగా నువ్వు కాకినాడ వచ్చావు. పరీక్ష ఎగ్గొట్టడానికి జ్వరమని రాసిమ్మని నీ కాళ్ళకి చుట్టుకున్నాను. "నా సంతకం అబద్ధం ఆడదే" అన్నావు. ఊరంతా చెప్పుకున్నాను ఆ మాట, మా మావయ్య గొప్పవాడని. అలాంటివాడు నాకోసం ఆ వాక్యం రాశాడని చూసి నాకు ఏడుపొచ్చింది. డ్రాయర్‌లో పెట్టాను. ఇవ్వాలో వద్దో శనివారం పొద్దునే తేల్చుకుందామనుకున్నాను.

అప్పటికే నువ్వు క్లబ్బుకి రాసేశావు! ఆ ఈమెయిల్ కమిటీ అందరికీ వెళ్ళింది. నిన్న బెథ్ మా ఇంటికి వచ్చి, "దొంగ సర్టిఫికెట్ తెప్పించుకున్నావా?" అని అడిగింది. ఏం చెప్పను? తెప్పించుకున్నాను కానీ ఇవ్వలేదు అంటే ఎవరు నమ్ముతారు? నేను ఇవ్వని కాగితానికి దొంగనయ్యాను. గ్రైండర్ మోసిన వాళ్ళ ముందు!

నన్ను ఒక్కసారి అడిగి ఉండొచ్చు. నా జవాబు కోసం ఆగి ఉండొచ్చు. నీకు తొందర. ముందు సంతకానికి తొందరపడ్డావు, తర్వాత నీ తప్పు కడుక్కోడానికి తొందరపడ్డావు. మధ్యలో నా పరువు పోయింది.

అమ్మ శుక్రవారం వస్తోంది, టికెట్ కొనేసింది. నిన్ననే ఫోన్లో గంటసేపు ఏడ్చింది.

నాకు ఇక ఉత్తరాలు రాయొద్దు.

చంద్రిక

*

హామిల్టన్
2 సెప్టెంబరు 2025

చంద్రీ,

రాయొద్దన్నావు. ఇదొక్కటి రాసి ఊరుకుంటాను.

ఫైనల్ ఏమైందో తెలియదు. మీ అమ్మ మా ఫోన్ ఎత్తడం లేదు. నువ్వు ఆడావేమోనన్న భయంతో ఇంట్లో ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోకుండా తిరుగుతున్నాం.

మీ అత్తయ్య చూపించేదాకా నేను గమనించలేదని రాశాను. అది అబద్ధం.

మొదటిసారి చదివినప్పుడే చూశాను. పడవ ముసలాయన రెండోసారి రాగానే కాగితం కింద పెట్టేశాను. జారిపోతున్న అక్షరాలు చూశాను, చీరలు చూశాను. విద్యార్థిగా ఉన్నప్పటి నుంచీ చూడ్డం తప్ప ఇంకేం నేర్చుకున్నాను? మళ్ళీ చదివాను. రెండోసారి చదివింది నీ జబ్బు కోసం కాదు, వదిలేయడానికి ఏదైనా సాకు దొరుకుతుందేమోనని. దొరికింది. "నువ్వు రాసిన జవాబుల ప్రకారం" అని రాశాను చూడు, ఆ ముక్క వెనక దాక్కున్నాను.

ఎందుకంటావా? మూడేళ్ళలో నన్ను డాక్టరుగా అడిగిన మొదటి మనిషివి నువ్వు. కాదంటే ఆ ఒక్కదానివీ ఫోన్‌నే అడుగుతావనిపించింది. ఇంత సిగ్గుమాలిన కారణం. దీనికోసం నీ తల పణం పెట్టాను. కంచే చేను మేసింది చంద్రీ.

మీ క్లబ్బుకి తొందరపడి రాయడం కూడా నువ్వన్నట్టు నా తప్పు కడుక్కోడానికే. అయినా దానికి మాత్రం క్షమాపణ అడగను. మళ్ళీ అలాగే రాస్తాను.

మిగతా అన్నిటికీ అడుగుతున్నాను.

రామ్మోహన్

*

నానైమో
9 నవంబరు 2025

మావయ్యా,

చేతిరాత చూసి అనుమానపడకు. చెబుతున్నది నేను, రాస్తున్నది అమ్మ. నన్ను ఇంకా పది నిమిషాలకి మించి రాయనివ్వరు. పోస్టు వాళ్ళ సమ్మె వల్ల కూడా ఆలస్యమైంది.

నేను ఆడలేదు. ఆ శనివారం మా వాళ్ళు ఎనిమిది మందే దిగారు. బెథ్ నాతో మాట్లాడలేదు, కానీ క్లబ్బు తెల్లకోటు, జెండాలు నా చేతిలో పెట్టి ఒక చివర నిలబడమంది. అమ్మ గీత అవతల పట్టుచీర మీద చలికోటు తొడుక్కుని నిలబడింది. (పట్టుచీర కాదు అన్నయ్యా, మామూలు వెంకటగిరి. సుధ.) అప్పుడు విక్టోరియా కెప్టెన్ మావైపు చూసి, వేళ్ళతో లెక్కపెట్టి, తన జట్టులోంచి ఒకమ్మాయిని బయటికి పంపేసింది. ఎనిమిది మందితో ఎనిమిది మంది. ఇక్కడ అదే పద్ధతట, అవతల మనుషులు తక్కువైతే మనమూ తగ్గుతాం. ఇది ముందే తెలిస్తే నీకు నేను ఆ ఉత్తరమే రాసేదాన్ని కాదు. ఒక్కరినైనా అడిగానా? లేదు.

మూడో క్వార్టర్లో ఎండ నీళ్ళమీద పడి కళ్ళలోకి కొట్టింది. జెండా జారిపోతే తీయడానికి వంగాను. నేల లేచి మీదకి వచ్చింది. కోటు మీదే వాంతి చేసుకుని పడిపోయాను. నన్ను ఎవరూ తాకలేదు మావయ్యా. గాలి తప్ప ఏమీ తగల్లేదు.

ఆస్పత్రిలో స్కాన్ తీశారు, రక్తం గడ్డలేమీ లేవు. నాలుగు వారాలైనా లోపల మానలేదన్నారు. ఈ స్థితిలో ఇంకో మోకాలు తగిలి ఉంటే ఏమయ్యేదని అమ్మ అడిగింది. ఆ డాక్టరమ్మ కుర్చీ లాగి అమ్మని కూర్చోమంది. రెండు నెలలు చీకటి గదిలో ఉన్నాను. చదవకూడదు, స్క్రీన్ చూడకూడదు. మా జట్టు వాళ్ళు వంతులేసుకుని సూప్ తెచ్చి గుమ్మంలో పెట్టి వెళ్ళేవారు. మేం నాలుగు పాయింట్ల తేడాతో ఓడిపోయాం.

నీ ఉత్తరం నేను చదవలేను కాబట్టి అమ్మ చదివి వినిపించింది. "అది అబద్ధం" అన్న దగ్గర ఆగింది. తర్వాత మళ్ళీ మొదటినుంచి చదివింది.

(అన్నయ్యా, కోపం పోలేదు. పోతుందని కూడా చెప్పలేను. కానీ ఈ పిల్ల నా దగ్గర ఏడాదిపాటు దాచింది, నీ దగ్గర దాచలేదు. అది కూడా నాకు కోపమే.)

ఇక నా వంతు. నీ ఆరు ప్రశ్నలకి నేను రాసిన ఆరు జవాబులూ అబద్ధాలు. తలనొప్పి తగ్గిన రోజు లేదు. కంప్యూటర్ ముందు పావుగంట కూర్చోలేకపోయేదాన్ని, ఆఫీసుకి సెలవు పెట్టేశాను. బంతి సంగతి రెండుసార్లు రాశానని నువ్వు చెప్పేదాకా నాకు తెలియదు. ఫోన్ వెలుతురు భరించలేకే అత్తయ్య ఫోన్ ఎత్తలేదు. నువ్వు చూసి చెప్పలేదు, నేను తెలిసి చెప్పలేదు. నువ్వు క్లబ్బుకి రాయకపోయి ఉంటే శనివారం పొద్దున ఆ డ్రాయర్ తెరిచేదాన్ని. నా సంగతి నాకు తెలుసు.

కాగితం బెథ్‌కి నేనే చూపించి, జరిగిందంతా చెప్పాను. చదివి, మడిచి, నాకే ఇచ్చేసింది. మర్నాటి నుంచి మాట్లాడుతోంది.

చంద్రిక
(సుధామయి)

*

హామిల్టన్
24 నవంబరు 2025

చంద్రీ, సుధా,

ఉత్తరం అందింది. మీ అత్తయ్య పైకి చదివింది, నేను ఎదురుగా కూర్చుని ఆమె పెదాలు చూశాను. నేల లేచి మీదకి వచ్చిందన్న చోట తను చదవలేకపోయింది.

చెవి మిషన్ తెచ్చుకున్నాను, రెండు రోజులు పెట్టుకుని తీసేశాను. గిన్నెల చప్పుడు భరించలేకపోతున్నా. మళ్ళీ ప్రయత్నిస్తాలే.

భీమారావు గారు నిన్న నడుంనొప్పి గురించి నన్ను అడిగారు, నిజంగా నన్నే. డాక్టరు దగ్గరికి వెళ్ళమన్నాను.

తెల్లకోటు ఈ ఆదివారం విరాళాల డబ్బాలో వేసేస్తాను. అది ఇంట్లో ఉంచుకునే అర్హత నాకు లేదు.

మావయ్య

*

నానైమో
19 ఏప్రిల్ 2026

మావయ్యా,

కోటు డబ్బాలో వేసెయ్యలేదని అత్తయ్య చెప్పింది. మూడుసార్లు కారు దాకా తీసుకెళ్ళి వెనక్కి తెచ్చావట. మంచిపని చేశావు.

నాకు ఫ్యామిలీ డాక్టర్ దొరికాడు. ఈ ఏడు ఆడొద్దన్నాడు. వచ్చే ఏడు సంగతి వచ్చే ఏడే అన్నాడు. అడిగిన ప్రతిదానికీ నిజమే చెప్పాను, అమ్మ పక్కనే కూర్చుంది కాబట్టి కాదు. అమ్మ మే దాకా ఇక్కడే ఉంటుంది. ఆదివారాలు మా వాళ్ళకి పులిహోర చేసి తెస్తోంది. గ్రైండర్ మోసిన ఇద్దరూ దాన్నిప్పుడు ఏ పనికి వాడతారో నేర్చుకున్నారు.

జూన్ 6న మొదటి ఆట. కొత్తగా ముగ్గురు చేరారు, పదకొండు మందిమి. నేను ఒక చివర జెండాలు పట్టుకుంటాను. రెండో చివరకి మనిషి లేడు. నువ్వూ అత్తయ్యా రండి. వేసవంతా ఉండండి.

వినపడదని వంక పెట్టకు. గోల్ అంపైర్‌కి చెవులతో పని లేదు. స్తంభం దగ్గర నిలబడి బంతి ఎటు పోయిందో చూడాలి, చూసింది చూసినట్టు ఊపాలి. నువ్వు ఊపితే ఇవతలి చివర నుంచి నేనూ అదే ఊపాలి, అప్పుడే లెక్క. ఆట అయ్యాక స్కోరు కాగితం మీద ఇద్దరం సంతకాలు పెడతాం.

క్లబ్బుకున్న ఒక్క తెల్లకోటూ నేను పాడుచేశాను కదా. నీది తెచ్చుకో. జేబులు ఖాళీ చేసి తీసుకురా.

చంద్రిక